చంకలో బిళ్ల: పలాస జీడిపిక్కల కార్మికురాలి కేసు

2025 ఫిబ్రవరి రెండో వారంలో ఆవిడ మా ఓపీకి వచ్చింది. వయసు 41. పలాస దగ్గర పల్లె. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పని. భర్త చెన్నైలో బిల్డింగ్ పనులకు వెళ్తాడు. వెంట వచ్చింది డిగ్రీ చదువుతున్న కొడుకు. తెల్లవారకముందే రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి ఆటోలో శ్రీకాకుళం చేరారు. కుర్రాడి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు మందుల చీటీలు, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు. ఖాళీ స్ట్రిప్పులు తెచ్చేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చీటీలో రాసింది వేరు, మనిషి మింగింది వేరు. స్ట్రిప్పు అబద్ధం చెప్పదు.

"భోగినాడు తలంటుకుంటుంటే సేతికి తగిలింది బాబూ. నొప్పి లేదు, ఏటీ లేదు. ఈడే టెన్షన్ పడిపోయి తీసుకొచ్చినాడు" అంది కొడుకును చూపిస్తూ.

ఎడమ చంకలో బిళ్ల. మన వైపు గజ్జల్లో గానీ చంకలో గానీ లింఫ్ గ్రంథి ఉబ్బితే 'బిళ్ల కట్టింది' అంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జలో బిళ్ల కడుతుందని, చేతికి గాయమైతే చంకలో కడుతుందని ఇక్కడ ముసలమ్మలకు కూడా తెలుసు. ఆ తెలివి చాలాసార్లు నిజమే. ఈ కేసులో మాత్రం అదే అందరినీ తప్పుదారి పట్టించింది.

ఆవిడ ఎడమ చూపుడువేలికి డిసెంబరులో కోత పడింది. కటింగ్ మెషిన్ దగ్గర కుడిచేత్తో మీట లాగుతూ, ఎడమచేత్తో పిక్క పెడతారు. పెంకులోంచి వచ్చే జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసేవాళ్ల వేళ్లు నల్లబడి, పొరలు పొరలుగా ఊడి ఉంటాయి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు ఆ వేలు చూశాడు, చంక చూశాడు, 'దెబ్బకి బిళ్ల కట్టింది' అని అయిదు రోజులు యాంటీబయాటిక్, నొప్పి మాత్ర ఇచ్చాడు. ఆయన అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు, నేనైనా మొదట అదే అనుకునేవాణ్ని. తగ్గకపోతే ఒక నర్సింగ్ హోముకు వెళ్లారు. అక్కడ లీవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ పది రోజులు రాశారు. ఈ రెండో చీటీ దగ్గర నాకు చిరాకు వచ్చింది. కారణం తర్వాత చెబుతాను.

చేత్తో చూసినప్పుడు

చంకను చూడడానికి చెయ్యి పైకెత్తించడం చాలామంది చేసే పొరపాటు. చెయ్యి పైకి లేపితే కండరాలు బిగుసుకుంటాయి, లోపలి గ్రంథులు వేలికి దొరకవు. మనిషిని కూర్చోబెట్టి, ఆవిడ ఎడమ ముంజేతి బరువంతా నా ఎడమ చేతి మీద వాల్చమంటాను. చెయ్యి వదులుగా వేలాడినప్పుడు నా కుడిచేతి వేళ్లను చంక గుంట పైదాకా పోనిచ్చి, పక్కటెముకల మీదుగా మెల్లగా కిందికి దించుతాను. ఇంట్లో ఎవరికి వాళ్లు చూసుకునేటప్పుడు కూడా ఇంతే, చెయ్యి దించుకుని వదులుగా పెట్టుకోవాలి.

రెండు గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుని, కలిపి సుమారు 3 సెంటీమీటర్లు. గట్టిగా ఉన్నాయి గానీ రాయిలా లేవు. కొంచెం కదులుతున్నాయి. నొక్కితే నొప్పి లేదు. పైన చర్మం మామూలుగా ఉంది, ఎరుపు లేదు, వేడి లేదు. సెగగడ్డ అయితే ఇలా ఉండదు. చంకలో వెంట్రుకలు తీసిన తర్వాత వచ్చే సెగగడ్డలు నొప్పితో మనిషిని చెయ్యి దించనివ్వవు.

మోచేతి లోపలివైపు గ్రంథి తగులుతుందేమో వెతికాను, లేదు. అంతమాత్రాన వేలి గాయం కారణం కాదని తేలిపోదు. చిటికెన వేలు, ఉంగరం వేలు వైపు లింఫ్ మోచేతి గ్రంథి మీదుగా వెళ్తుంది. చూపుడువేలిది ఎక్కువగా నేరుగా చంకకే చేరుతుంది. నన్ను ఆపింది వేరే సంగతి. వేలి గాయం మానిపోయి నెల దాటింది. గాయం వల్ల ఉబ్బిన బిళ్ల గాయం మానాక రెండు మూడు వారాల్లో చిన్నదవ్వడం మొదలుపెట్టాలి. ఇది పెరుగుతోంది.

చంకలో బిళ్ల ఉందంటే సర్జన్ చూడవలసింది చంక ఒక్కటే కాదు. ఆ గ్రంథులకు చెయ్యి నుంచి, రొమ్ము నుంచి, ఛాతీ గోడ నుంచి, వీపు పైభాగం నుంచి, బొడ్డు పైనున్న పొట్ట చర్మం నుంచి లింఫ్ వస్తుంది. చెరువులో నీళ్లు మురికైతే ఎగువ కాలువలన్నీ చూడాలి కదా. ఆవిడ రొమ్ము చూపించుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. కొడుకు గదిలోనే ఉన్నాడు మరి, ఎలా ఒప్పుకుంటుంది? వాణ్ని బయట కూర్చోమని, సిస్టర్‌ని పిలిచి, తెర వేయించాక ఒప్పుకుంది. ఈ మర్యాద పాటించడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతకు ముందు రెండుచోట్ల ఎవరూ రొమ్ము చూడలేదని అప్పుడే చెప్పింది.

రెండు రొమ్ముల్లోనూ గడ్డ తగల్లేదు. చనుమొన లోపలికి పోలేదు, స్రావం లేదు. మెడలో, కాలర్ ఎముక పైన, గజ్జల్లో గ్రంథులు లేవు. కాలేయం, ప్లీహం తగల్లేదు. బరువు 47 కిలోలు. "జాకెట్లు వదులైపోనాయి" అంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుందా అంటే, పని అలసట అనుకున్నానంది. దగ్గు లేదు.

నా నోట్సులో రాసుకున్న అనుమానాలు వరసగా ఇవి: క్షయ, రొమ్ము క్యాన్సర్, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), చివరగా మామూలు ఇన్ఫెక్షన్. క్షయను ముందు పెట్టడానికి కారణం అతుక్కున్న గ్రంథులు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. క్షయ గ్రంథులు ఎక్కువగా మెడలో వస్తాయి, చంకలో తక్కువే. క్యాన్సర్‌ను రెండో స్థానంలో పెట్టడమంటే దాన్ని పక్కన పెట్టడం కాదు. రొమ్ములో చేతికి ఏమీ తగలకుండా చంక గ్రంథి ద్వారానే మొదట బయటపడే రొమ్ము క్యాన్సర్లు అరుదుగానైనా ఉంటాయి.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. ఆవిడది ఉద్దానం ప్రాంతం. ఇరవై రోజులుగా నొప్పి మాత్ర మింగుతోంది, నొప్పి లేకపోయినా. చీటీలో ఉంది కాబట్టి. కిడ్నీ జబ్బులు ఇంత ఎక్కువగా ఉన్న చోట అవసరం లేని డైక్లోఫినాక్ రాసేవాళ్ల మీద నాకు కోపం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాను, 0.9 వచ్చింది, మామూలే. బతికిపోయాం అనుకున్నాను.

సూది పరీక్ష, నా పొరపాటు

అల్ట్రాసౌండ్‌లో గ్రంథులు రెండూ కలిపి 31×19 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న లింఫ్ గ్రంథి స్కానింగ్‌లో చిక్కుడుగింజలా కనిపిస్తుంది, మధ్యలో తెల్లటి కొవ్వు గీత ఉంటుంది. ఈవిడ గ్రంథుల్లో ఆ తెల్ల గీత లేదు. మధ్యభాగం కుళ్లినట్టుంది. ఇలాంటిది క్షయలోనూ ఉంటుంది, క్యాన్సర్ పాకిన గ్రంథిలోనూ ఉంటుంది. 40 దాటింది కాబట్టి రెండు రొమ్ములకూ మామోగ్రామ్ తీయించాను, రొమ్ము స్కానింగ్ కూడా చేయించాను. అనుమానించవలసిందేమీ కనిపించలేదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. షుగర్ లేదు, హెచ్ఐవీ లేదు.

తర్వాత ఎఫ్ఎన్ఏసీ, జనం భాషలో సూది పరీక్ష. సన్న సూదితో గ్రంథిలోంచి కణాలు లాగి, గాజు పలకల మీద పరిచి చూడడం. మత్తు కూడా అక్కర్లేదు. చేసింది పథాలజిస్ట్, పంపింది నేను. వచ్చిన పదార్థం చిక్కగా, పెరుగు తరకల్లా ఉందని ఆయన ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట వినగానే నేను చెప్పవలసింది: "కొంచెం ఉప్పునీళ్ల సీసాలో వేసి ఉంచండి, సీబీనాట్‌కి పంపుదాం." సీబీనాట్ అంటే క్షయ క్రిమి జన్యువును వెతికి, మందుకు లొంగుతుందో లేదో కూడా చెప్పే యంత్ర పరీక్ష. ఆ మాట చెప్పలేదు. మొత్తం పలకల మీదికే వెళ్లిపోయింది.

మూడు రోజులకు రిపోర్టు. కుళ్లిన కణజాలం, కొద్దిగా చీము కణాలు, క్షయ క్రిములకు వేసే రంగులో ఏమీ కనిపించలేదు, క్యాన్సర్ కణాలు కనిపించలేదు. కింద ఎప్పుడూ ఉండే వాక్యం, రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలని. ఈ వాక్యాన్ని మా డాక్టర్లం 'బంతి నీ కోర్టులో వేశాను' అని చదువుకుంటాం.

కొడుకు ఫోన్ చేశాడు. నేను ఓపీ మధ్యలో ఉన్నాను. "క్యాన్సర్ కణాలు లేవు, కానీ ఇంకో పరీక్ష చేయాలి, తీసుకురా" అన్నాను. వాడికి మొదటి మూడు మాటలే వినబడ్డాయి. ఇంట్లో దీపం పెట్టినంత సంబరం. అమ్మ పనికి వెళ్లిపోయింది, భర్త చెన్నై నుంచి రావడం మానుకున్నాడు.

రిపోర్టు చెప్పింది ఏది కాదన్నది మాత్రమే. ఏమిటన్నది చెప్పలేదు. ఆ తేడా నాకు తెలుసు, వాడికి తెలియదు, నేను వాడికి ఫోన్‌లో అరనిమిషంలో చెప్పేశాను. అప్పటి నుంచి రిపోర్టులు ఫోన్‌లో చెప్పడం మానేశాను. దూరాభారం అయినా సరే, రమ్మని ఎదురుగా చెబుతాను. రాలేనంటే ఒక్క ముక్క చెబుతాను, 'ఇంకా తేలలేదు' అని. మంచి వార్తతో మొదలుపెట్టను.

నాలుగు వారాల తర్వాత, మార్చి మధ్యలో, బిళ్ల మరింత పెరిగి వచ్చింది. ఈసారి పసుపు, సున్నం పట్టు వేసి ఉంది. చర్మం కొద్దిగా కమిలింది.

ముక్క పరీక్ష

బిళ్ల మొత్తం కోసి తీసేయమని కుటుంబం అడిగింది. "ఉన్నదే కదా బాబూ తీసేస్తే పోద్ది" అని. చాలాచోట్ల అలాగే తీసేస్తారు కూడా. నేను ఒప్పుకోలేదు. అతుక్కున్న గ్రంథుల వెనకే చంక సిర ఉంటుంది. చేతి లోపలివైపుకు స్పర్శ ఇచ్చే నరం వాటి మధ్యలోంచే పోతుంది. ఒకవేళ క్యాన్సరే అయితే, ముందుగా గ్రంథిని పెరికేస్తే తర్వాత చేయవలసిన వైద్యం లెక్క అంతా తారుమారవుతుంది. క్షయ అయితే అసలు కోతే అక్కర్లేదు.

అందుకే స్కానింగ్ చూస్తూ కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో సన్నటి ముక్కలు తీసే పరీక్ష, చేశాం. 14 గేజ్ సూది, తుపాకీలా 'టక్' మని పేలుతుంది. ఆ శబ్దం ముందే వినిపించి, ఇదే వస్తుందని చెప్పి చేస్తే మనిషి ఉలిక్కిపడదు. చర్మానికి మత్తు సూది వేశాక అయిదు సన్నటి ముక్కలు తీశాం. మూడు ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే మందునీళ్లు), రెండు సెలైన్‌లో (ఉప్పునీళ్లు).

ఈ సీసాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గ్రంథి క్షయలో కేసులు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడడానికి, పనికిరాదు. ఎక్కడో ఆపరేషన్ చేయించుకుని, గ్రంథి మొత్తం ఫార్మలిన్‌లో వేసి తెచ్చినవాళ్లను నేను ఏటా చూస్తూనే ఉన్నాను. ముక్క పరీక్షలో 'క్షయ కావచ్చు' అని వస్తుంది. మందులకు లొంగే క్షయా, మొండి క్షయా అన్నది చెప్పడానికి చేతిలో ఏమీ మిగలదు.

సెలైన్ సీసా ప్రభుత్వ ల్యాబ్‌కు సీబీనాట్ కోసం వెళ్లింది. యంత్రంలో పెడితే రెండు గంటల పని. మర్నాడు జవాబు: క్షయ క్రిమి ఉంది, ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుంది. వారానికి ముక్క పరీక్ష రిపోర్టు కూడా వచ్చింది, జున్నులా కుళ్లిన భాగం చుట్టూ గ్రాన్యులోమాలు (రక్షణ కణాల గుంపులు), లాంగ్‌హాన్స్ అనే పెద్ద కణాలు, అంటే క్షయ గుర్తులే. క్యాన్సర్ లేదు, లింఫోమా లేదు. భోగి నుంచి లెక్కిస్తే పేరు తేలడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఒక నెల నా ఖాతాలోదే.

ఇక లీవోఫ్లాక్సాసిన్ మాట. ఆ మందు క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. పది రోజులు ఇస్తే జబ్బు నయం కాదు గానీ కొంత అణుగుతుంది, జ్వరం తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరకడం కష్టమవుతుంది. పైగా మొండి క్షయకు దాచుకోవలసిన మందు అది. కారణం తెలియని బిళ్లకు దాన్ని రాయకూడదు. మొదటి సూది పరీక్షలో క్రిమి కనిపించకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. రుజువు చేయలేను.

మందులు మొదలయ్యాక

మార్చి ఆఖరు వారంలో జాతీయ క్షయ కార్యక్రమం కింద ఆవిడ పేరు నమోదైంది. 47 కిలోలకు రోజూ మూడు మాత్రలు, ఒక్కో మాత్రలో మందులన్నీ కలిసే ఉంటాయి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. పోషణ కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడొద్దని, కళ్లు మసకబారినా రంగులు తేడాగా కనిపించినా, వాంతులైనా, కళ్లు పచ్చబడినా వెంటనే రమ్మని చెప్పాను.

అసలు తంటా ఇంట్లో వచ్చింది. అత్తగారు కంచం, గ్లాసు వేరు పెట్టేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి ఆవిడతో నేనే మాట్లాడాను. ఊపిరితిత్తుల్లో జబ్బు ఉంటే దగ్గు ద్వారా అంటుకుంటుంది; మీ కోడలికి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, చంకలో బిళ్ల పక్కవాళ్లకు అంటదు, కంచంలో అసలే అంటదు అని. "మరయితే దానికెక్కడ అంటుకుంది?" అని అడిగింది అత్తగారు. మంచి ప్రశ్న. ఇంట్లో, పనిచోట ఎవరికైనా చాలాకాలంగా దగ్గు ఉందేమో చూడమని ఆశా కార్యకర్తకు చెప్పాం. ఇంట్లో అందరికీ పరీక్షలయ్యాయి, ఎవరికీ లేదు.

ఏడో వారం. మే నెల ఎండ. కొడుకు ఈసారి ఫోన్ చేయలేదు, నేరుగా తీసుకొచ్చేశాడు. బిళ్ల నిమ్మకాయంత అయింది, చర్మం ఎర్రబడింది, వేలితో నొక్కితే లోపల నీరు కదులుతోంది. బరువేమో రెండు కిలోలు పెరిగింది, సాయంత్రం జ్వరం లేదు, ఆకలి బాగుంది.

"అదేటి బాబూ, మందులేసుకుంటుంటే పెరుగుతాది?" అంది. ఊళ్లో ఆర్ఎంపీ కోసి చీము తీసేస్తానన్నాడట. కుర్రాడు వద్దని తెచ్చాడు. ఈ కథలో అందరికంటే తెలివైన పని అది.

గ్రంథి క్షయలో కొందరికి మందులు బాగా పనిచేస్తున్నప్పుడే బిళ్ల ఉబ్బుతుంది. చచ్చిన క్రిముల ముక్కల మీద ఒంట్లోని రక్షణ కణాలు విరుచుకుపడడం వల్ల వచ్చే వాపు అది. మందు విఫలమైందని అనుకుని ఆపేసేవాళ్లు, మార్చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మాత్రలు ఒక్కటీ తప్పలేదని స్ట్రిప్పులు లెక్కపెట్టి చూశాను. తప్పలేదు. మార్చిలో చేసిన సీబీనాట్‌లోనే మందులకు లొంగే రకమని తేలి ఉంది కాబట్టి ధైర్యంగా చెప్పగలిగాను, ఆ సెలైన్ సీసా పుణ్యమే అది.

కొయ్యకూడదు. కోస్తే పుండు నెలల తరబడి కారుతూనే ఉంటుంది. పైన, పక్కగా, చర్మం బాగున్న చోట లావు సూది గుచ్చి, ఏటవాలుగా లోపలికి పోనిచ్చి 12 మిల్లీలీటర్లు లాగాను. కిందివైపు నుంచి గుచ్చితే ఆ దారిలోనే కారుతుంది. ఆ చీమును ఈసారి సీబీనాట్‌కు పంపలేదు, చచ్చిన క్రిములు కూడా అందులో 'ఉన్నాయి' అనే చూపిస్తాయి. కల్చర్‌కు పంపాను. ఆరు వారాలు ఉంచినా ఏమీ పెరగలేదు. ఆ లోపు ఇంకోసారి సూదితో లాగవలసి వచ్చింది, మందులు మార్చలేదు.

జులైకల్లా చర్మం మామూలు రంగుకు వచ్చింది. సెప్టెంబరు ఆఖరులో, దసరా ముందు, ఆరు నెలలు పూర్తయ్యాయి. బరువు 52. చంకలో బఠాణీ గింజంత గట్టి ముక్క మిగిలింది. స్కానింగ్‌లో సెంటీమీటరు లోపే, మధ్యలో సున్నంలా తెల్లటి చుక్కలు. ఇలా మిగలడం మామూలే. దాని కోసం మందులు పొడిగించలేదు.

చివరిసారి వచ్చినప్పుడు చేతికి రబ్బరు తొడుగుల గుర్తులున్నాయి. పనిలోకి మళ్లీ వెళ్తోందట, ఈసారి పిక్కలు కోసే చోట కాదు, పప్పు గ్రేడింగ్ దగ్గర. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి వేళ్లు జాకెట్టు పైనుంచి ఆ గింజను తడుముతూనే ఉన్నాయి.

"ఇది ఇలాగే ఉంటాదా బాబూ?"

"ఉండొచ్చమ్మా. పెరిగితే మాత్రం వచ్చెయ్. డిసెంబరులో ఒకసారి ఎలాగూ చూస్తాను."

కొడుకు ఫోన్ తీసి తారీఖు రాసుకున్నాడు.